మీటరు మీది పేరు

తాండూరు బ్యాంకులో అంబిక దరఖాస్తు ఆగిపోయింది. అది ఆగడానికి కారణం ఆమె మామ బిచ్చయ్య. ఎనిమిదేళ్ల కిందట గొర్ల మందతో కర్ణాటక వైపు వెళ్లి తిరిగి రాని మనిషి.

బొంరాస్‌పేటలో ఇంటి వెనక గదిలో అంబిక నాటుకోడి గుడ్లు పొదిగే మిషన్ నడుపుతోంది. ఒక విడతకు ఐదు వందల గుడ్లు. మొన్న జూన్‌లో గాలివానకు కరెంటు స్తంభాలు పడి తొమ్మిది గంటలు ఊరంతా చీకటైంది. పాత ఇన్వర్టర్ రెండు గంటలు లాగి ఊరుకుంది. గుడ్లు పెట్టి అప్పటికి పంతొమ్మిది రోజులు, ఇంకో రెండు రోజుల్లో పగలాలి. మిషన్ మీద దుప్పట్లు, గొంగళ్లు ఎన్ని కప్పినా లోపల వేడి నిలవలేదు. పెంకును లోపల్నుంచి పొడవడం మొదలుపెట్టిన పిల్లలు పొడుస్తూ పొడుస్తూనే ఆగిపోయాయి. వాటిని తట్టల్లో ఎత్తి బయట గుంత తీసి పూడ్చిన రోజే అంబిక, కప్పు మీద సోలార్ ప్యానెళ్లు, ఇంట్లో రాత్రంతా నడిచే పెద్ద బ్యాటరీ పెట్టించాలని నిర్ణయించుకుంది.

బ్యాంకులో ఫీల్డ్ ఆఫీసర్ స్నేహలత ఆమెకు విషయమంతా ఓపికగా చెప్పింది. ప్యానెళ్లకు సర్కారు రాయితీ ఉంది, బిగించాక ఖాతాలో పడుతుంది. బ్యాటరీకి రాయితీ లేదు, కానీ దాని ఖర్చు కూడా కలిపి లోను ఇస్తారు. ఒకటే షరతు. కరెంటు మీటరు, ఇంటి పన్ను రసీదు, బ్యాంకు ఖాతా మూడూ ఒకే మనిషి పేరు మీద ఉండాలి. మీటరు, ఇల్లు రెండూ బిచ్చయ్య పేరు మీదే ఉన్నాయి. పేరు మారాలంటే ఆయన వచ్చి సంతకం పెట్టాలి, లేదా ఆయన లేడని కాగితం తేవాలి.

ఆ కాగితం సంగతి అంబిక భర్త పరమేశ్ తన మీద వేసుకున్నాడు. తాండూరులో నాపరాళ్ల పాలిషింగ్ యూనిట్‌లో పనిచేసే పరమేశ్, తెలిసినవాళ్ల ద్వారా వికారాబాద్‌లో రాఘవేంద్ర అనే వకీలును పట్టుకున్నాడు. బిచ్చయ్య చనిపోయాడని ఆయన భార్య బుగ్గమ్మ అఫిడవిట్ ఇస్తే, ఆలస్యంగా మరణం నమోదు చేయించి సర్టిఫికెట్ తెప్పించవచ్చని వకీలు చెప్పాడు. ఆ తర్వాత ఇల్లు, మీటరు బుగ్గమ్మ పేరు మీదికి మారతాయి, బ్యాంకు ఖాతా కూడా ఆమెదే పెడితే సరిపోతుంది.

పరమేశ్ తల్లికి ఇదేమీ చెప్పలేదు. "కరెంటు కాగితం మీద ఏలు ముద్ర ఎయ్యాలె" అన్నాడంతే. ఎనిమిదేళ్లుగా బొట్టు తీయని, గాజులు తీయని తల్లికి ఆ మాట ఎలా చెప్పాలో అతనికి తెలియలేదు. నువ్వూ చెప్పకు అని అంబికను మాత్రం రెండుసార్లు హెచ్చరించాడు. మిషన్‌లో కొత్త విడత గుడ్లు ఆ రోజో మరునాడో పగలాలి కాబట్టి తాను పని మాని ఇంటి దగ్గరే ఉండి, మంగళవారం పొద్దున అత్తాకోడళ్లిద్దరినీ బస్సెక్కించాడు.

*

పరిగిలో బస్సు మారి, వికారాబాద్‌లో దిగేసరికి పదిన్నర దాటింది. దారిపొడుగునా బుగ్గమ్మ హుషారుగానే ఉంది. పెట్టెలోంచి కొత్త చీర తీసి కట్టుకుంది. కిటికీ పక్కన కూర్చుని, ఎవరి చేనులో కంది ఎంత ఎత్తు వచ్చిందో, ఎవరి చెలకలో గొర్లు దిగాయో చెబుతూ వచ్చింది. మధ్యలో ఒకసారి కోడలి వైపు తిరిగి, "గీ కాగితమైతే ఇగ కరెంటు పోయినా పిల్లలు సావయి గద?" అని అడిగింది.

సావవని అంబిక చెప్పింది.

మామ చనిపోయాడనే అంబిక నమ్మకం. ఇంట్లో ఎవరూ పైకి అనకపోయినా అందరి నమ్మకమూ అదే. ఎనిమిదేళ్లు ఒక మనిషి ఫోన్ కూడా చేయకుండా ఎలా ఉంటాడు? కాబట్టి కాగితంలో రాసింది అబద్ధమని ఆమె అనుకోలేదు. ఆమెను తొలుస్తున్నది వేరే. చదువురాని మనిషి బొటనవేలు పట్టుకుని, మొగుడు చచ్చిపోయాడని ఆమె చేతే, ఆమెకు తెలియకుండా చెప్పించడం. రేపు సర్టిఫికెట్ వచ్చాక, ఊళ్లో ఎవరో ఒకరు అది చదివి వినిపిస్తే అత్త ముఖం ఎలా చూడాలి?

వకీలు రాఘవేంద్ర గది కోర్టు ఎదురుగా సందులో ఉంది. యాభై ఏళ్ల మనిషి, సన్నగా, తొందర లేకుండా మాట్లాడేవాడు. కాగితాలు ముందే టైపు చేయించి పెట్టాడు. ఆధార్ కార్డులు చూసుకుని, బుగ్గమ్మను కుర్చీలో కూర్చోబెట్టి, స్టాంపు ప్యాడ్ మూత తీశాడు. మూడు చోట్ల వేయాలని చూపించాడు. బుగ్గమ్మ చేయి చాచింది. ఆయన ఆమె వేలిని ప్యాడ్ మీద అద్ది కాగితం వైపు తెచ్చాడు.

"జర ఆగుండ్రి సార్," అంది అంబిక.

ఆయన ఆగాడు. బుగ్గమ్మ వేలు కాగితానికి బెత్తెడు పైన ఉండిపోయింది.

"అత్తమ్మా, గిది ఒట్టి కరెంటు కాగితం గాదు. మామ సచ్చిపోయిండని నువ్వు చెప్తున్నట్టు రాసిన కాగితం. కరెంటు కోసమే రాయించిన్రు. గని రాసింది మాత్రం గదే. నీకు చెప్పకుండ ముద్ర ఎయ్యనిస్తే రేపు నాకు అన్నం దిగది."

వకీలు చేయి వదిలేశాడు. ఆయన ముఖంలో విసుగు కనబడింది. ఇంట్లో అందరికీ అంతా తెలుసని, తల్లి ఒప్పుకున్నదని పరమేశ్ తనకు చెప్పాడని అన్నాడు. తెలియని మనిషి చేత ముద్ర వేయించే పని తాను చేయనని కూడా అన్నాడు. ఆ మాట నిజాయితీగానే అన్నట్టు అంబికకు అనిపించింది.

బుగ్గమ్మ ఏడవలేదు. వేలికంటిన సిరాను కాసేపు చూసుకుంది. తర్వాత, "ఏం రాసిన్రో చదువు సార్," అంది.

ఆయన కళ్లజోడు సర్దుకుని చదివాడు. తన భర్త బిచ్చయ్య, గొర్రెలు మేపుకొనుటకు కర్ణాటక రాష్ట్రమునకు వెళ్లి, అచ్చట తీవ్ర జ్వరముతో మరణించినారని, తోటి కాపరులు అచ్చటనే దహన సంస్కారములు జరిపినారని, అవగాహన లేక అప్పుడు మరణం నమోదు చేయించలేకపోయితినని అందులో ఉంది.

"మా కులంల కాల్చరు సార్. బొంద పెడ్తరు," అంది బుగ్గమ్మ.

వకీలు అవునా అని, పెన్ను తీసి 'దహన' అన్న మాట కొట్టేయబోయాడు.

"దిద్దకు సార్. ఆయన సావలే."

తిరిగిరాని మనిషి కోసం ఎదురుచూసే ఆడవాళ్లను వకీలు చాలామందినే చూసి ఉంటాడు. మెల్లగా, నచ్చజెప్పే గొంతుతో, నమ్మకం వేరు, సాక్ష్యం వేరు అని మొదలుపెట్టాడు.

"నమ్మకం గాదు సార్. నాకెరుక. కర్ణాటకల సేడం పక్కన ఉన్నడు. మొన్న ఉగాదికి గూడ మంచిగున్నడు."

వకీలు కాగితాలను ఒకదాని మీద ఒకటి పెట్టి, నాలుగు మడతలు చేసి, చింపి బుట్టలో వేశాడు. బతికి ఉంటే పని ఇంకా సులువని, ఆయన వచ్చి ఒక్క సంతకం పెడితే మీటరు పేరు మారుతుందని, తనతో పనే ఉండదని చెప్పాడు. ఆ తర్వాత బయట బెంచీ మీద కూర్చుని మాట్లాడుకోమని తలుపు దాకా వచ్చి పంపాడు.

*

కోర్టు గోడ పక్కన చాయ్ బండి ముందు ఒక బెంచీ ఉంది. ఇద్దరూ కూర్చున్నారు. అంబిక రెండు చాయ్‌లు చెప్పింది గానీ తనది తాగలేదు. ఆమెకు మొదట గుర్తొచ్చింది మామ కాదు, భర్త.

మామ తిరిగిరాని ఆ ఏడాది పరమేశ్ నలభై గొర్లు అమ్మి తండ్రిని వెతకడానికి పోయాడు. గుల్బర్గా, యాద్గిర్, రాయచూరు. ప్రతి ఊళ్లోనూ పోలీస్ స్టేషన్, ఆసుపత్రి, ఆ తర్వాత మార్చురీ. అంబిక అప్పుడు కడుపుతో ఉంది. అతను తిరిగివచ్చి రెండు రోజులు అన్నం ముట్టలేదు. ఎన్ని శవాల ముఖాల మీది గుడ్డ తీసి చూశాడో చాలా రోజుల తర్వాత ఒకసారి చెప్పాడు. పదకొండు. ఇప్పటికీ పేపర్లో గుర్తుతెలియని శవం అని కనబడితే చివరి అక్షరం దాకా చదువుతాడు. గొర్లు పోయాకే అతను రాళ్ల పాలిషింగ్‌కు వెళ్లడం మొదలుపెట్టాడు.

"నీ కొడుకు పీనుగుల మొఖాలు చూసుకుంట తిరిగిండు అత్తమ్మా. నీకెరుకేనా?"

"ఎరుకే."

"ఎరుకుండి ఊకున్నవా?"

"ఊకున్న."

అంబిక పక్కకు తిరిగి కూర్చుంది. ఇంకేమైనా అంటే నోరు జారుతుందని భయపడింది. ఆ ఇంట్లో పన్నెండేళ్లుగా అత్తతో ఆమెకు పెద్ద తగాదా ఏదీ లేదు. గుడ్ల మిషన్ కొన్నప్పుడు పరమేశ్ వద్దంటే, కొననివ్వమని అన్నది బుగ్గమ్మే. రాత్రుళ్లు లేచి గుడ్లు తిప్పిందీ ఆమే. అలాంటి మనిషి ఎనిమిదేళ్లు పక్కనే ఉండి ఇంత మాట దాచిందంటే అంబికకు కోపంతో పాటు కొంచెం భయం కూడా వేసింది. తాను ఇన్నాళ్లూ ఎవరితో కలిసి అన్నం తిన్నట్టు?

బుగ్గమ్మ చాయ్ మొత్తం తాగి, గ్లాసు కింద పెట్టి చెప్పడం మొదలుపెట్టింది.

పెళ్లయిన కొత్తలో ఆమె కూడా మంద వెంట నడిచేది. ఎండాకాలం వచ్చిందంటే మందలన్నీ సేడం వైపు దిగేవి. అక్కడ రైతులు చేలల్లో మంద కట్టించుకుని ఎరువు కోసం జొన్నలు ఇచ్చేవాళ్లు. అలా మంద కట్టించుకునే ఇళ్లలో శాంతవ్వ ఇల్లు ఒకటి. మొగుడు లేడు, రెండెకరాలు ఉంది. బుగ్గమ్మ కన్నడం నేర్చింది ఆమె దగ్గరే. ఇద్దరూ కలిసి రొట్టెలు చేసేవాళ్లు. పరమేశ్ పుట్టాక బుగ్గమ్మ ఇంటి దగ్గర ఆగిపోయింది. బిచ్చయ్య మాత్రం ఏటా పోయాడు. రెండు నెలలుండేవాడు నాలుగు నెలలుండటం మొదలుపెట్టాడు. ఊళ్లో ఉన్నప్పుడు కూడా ఆయన ధ్యాస అక్కడే ఉండేది. ఎనిమిదేళ్ల కింద ఒక ఎండాకాలం ఆమె చెప్పకుండా బస్సెక్కి సేడం వెళ్లింది. బిచ్చయ్య శాంతవ్వ ఇంటి ముందు మంచంలో పడుకుని ఉన్నాడు.

"కొట్లాడలే. సగం గీడ, సగం గాడ ఉండకు, ఏదో ఒక కాడ ఉండు అన్న. తలకాయ కిందికేసుకున్నడు. నాకు సమజైంది. గొర్లను పంచుకున్నం. నా సగం నేను తోలుకొచ్చిన. మంద చెదిరింది, వెతకవోయి రాలేదని ఊర్ల చెప్పిన."

"ఉన్నది ఉన్నట్టు చెప్తే ఏమయ్యేది?"

కోర్టు గేటులోంచి ఎవరినో పోలీసులు లోపలికి తీసుకుపోతుంటే బుగ్గమ్మ అటు చూసింది.

"తప్పిపోయిండంటే నలుగురు అయ్యో అంటరు. విడిచిపెట్టిండంటే నవ్వుతరు. గా నవ్వు నాకు వద్దనిపించింది బిడ్డా. నాలుగు దినాలల్ల పరమేశ్‌కు చెప్పుకుందామనుకున్న. గంతల వాడు గొర్లు అమ్మి బయలెల్లిండు. వచ్చినంక వాని మొఖం చూస్తే చెప్ప బుద్ధి గాలే. గట్లనే రోజులు పోయినయి. ఎంత ఆలస్యమైతే అంత చెప్పరాకుంటయింది."

ఏడాదికొకసారి శాంతవ్వ ఫోన్ చేస్తుందని, బతికున్నాడు అనే ఒక్క మాట చెప్పి పెట్టేస్తుందని కూడా ఆమె చెప్పింది. ఆయనతో మాత్రం ఒక్కసారి కూడా మాట్లాడలేదట.

అంబిక చాయ్ చల్లారి మీగడ కట్టింది. నెలాఖరు దాటితే తన దరఖాస్తు మళ్లీ మొదటికి వస్తుందని స్నేహలత చెప్పిన సంగతి గుర్తుంది. ఆ ముద్ర పడి ఉంటే ఈపాటికి సగం పని అయిపోయేది. ఆపింది తానే. ఆపినందుకు బాధ లేదు గానీ, సాయంత్రం ఇంటికి వెళ్లి పరమేశ్ ముందు ఎలా నిలబడాలో తెలియడం లేదు.

"మీటరు సంగతి తర్వాత," అంది చివరికి. "ఇయ్యాల ఇంటికి పోంగనే నువ్వే నీ కొడుక్కు చెప్పాలె. నేను చెప్ప. ఆయన ఏమన్న అననీ, తిట్టనీ, నువ్వు పడాలె. నేను నీ పక్కన కూసుంట, గంతే."

"చెప్త," అంది బుగ్గమ్మ. "చెప్పి పారేస్తే నా పానం గూడ తేలికైతది." తర్వాత నడుముకు దోపుకున్న చిన్న బటన్ల ఫోన్ తీసి కోడలికి ఇచ్చింది. "లోపల పేరు లేని నంబరు ఒకటి ఉంటది. కలుపు. ఆయన సంతకమే గద కావాల్సింది. ఇల్లు నేను కష్టపడి కట్టుకున్న, కంకర నేను మోసిన. సంతకం నేనే అడుగుత."

అంబిక వెతికింది. పేరు లేని నంబరు నిజంగానే ఒక్కటే ఉంది. కలిపి, స్పీకర్ నొక్కి అత్త చేతికిచ్చింది. నాలుగు రింగుల తర్వాత ఒక ఆడమనిషి ఎత్తింది.

"శాంతవ్వా, నాను బుగ్గమ్మ. ఇద్దారేను మన్యాగ?" అంది బుగ్గమ్మ. ఇంట్లో ఉన్నాడా అని.

అత్త కన్నడం మాట్లాడటం అంబిక ఎన్నడూ వినలేదు. సంతలో బేరమాడినంత సులువుగా వచ్చింది ఆ మాట. అవతల శాంతవ్వ గబగబా మాట్లాడింది. తాండూరు బజారులో వినీ వినీ అంబికకు సగం కన్నడం తెలుసు. మిగతా సగం బుగ్గమ్మ ముఖంలో కనబడింది.

నెల రోజులుగా తన ఫోన్‌కు కరెంటు వాళ్ల దగ్గర్నుంచి మెసేజ్‌లు వస్తున్నాయట, మీటరుకు బిచ్చయ్య ఎప్పుడో రాయించింది ఆ నంబరేనట. మీ మీటరు మీద దరఖాస్తు వచ్చింది అని ఒకటి, ఆగిపోయింది అని ఒకటి. బిచ్చయ్య పక్కింటివాళ్ల చేత చదివించుకున్నాడు. ఇల్లు అమ్ముతున్నారనుకున్నాడు. నిన్న రాత్రంతా నిద్రపోలేదు. పొద్దున చీకటితోనే లేచి గడ్డం గీసుకుని మొదటి బస్సెక్కాడు.

"యాడికి?" అని బుగ్గమ్మ తెలుగులోనే అడిగింది.

"నిమ్మూరిగె," అంది శాంతవ్వ. మీ ఊరికే.

బుగ్గమ్మ ఫోన్ ఒళ్లో పెట్టుకుంది. అందులోంచి శాంతవ్వ గొంతు ఇంకా చిన్నగా వినబడుతూనే ఉంది. మొదటి బస్సంటే, కొడంగల్‌లో మారినా, పదకొండు లోపే బొంరాస్‌పేటలో దిగి ఉంటాడు. అంబిక గడియారం చూసుకుంది. పన్నెండు కావస్తోంది. బిడ్డ బడికి పోయి ఉంటుంది, ఇంట్లో పరమేశ్ ఒక్కడే ఉన్నాడు.

అప్పుడే అంబిక సంచిలో ఫోన్ మోగింది. పరమేశ్. ఆమె ఎత్తి చెవికి పెట్టుకుంది. అవతల మిషన్ మూత తెరిచి ఉన్నట్టుంది, కోడిపిల్లల అరుపులు వినబడుతున్నాయి. వాటి మధ్య ఎవరో పెద్దమనిషి దగ్గు.

"అంబికా," అన్నాడు పరమేశ్, చాలా మెల్లగా. "నాయిన వచ్చిండు, అమ్మకు ఎట్ల చెప్పాలెనో తెలుస్తలేదు. ఆమెను ఇప్పుడే ఇంటికి తోలుకరాకు."